పంపు సంగతి తర్వాత, ముందు ట్యాంకు మూత విప్పండి

ప్రశ్న: మాది బేతంచెర్ల. సొంత లారీ, 2012 మోడల్, పది టైర్ల బండి, ఆరు సిలిండర్ల ఇంజను. నేనే నడుపుకుంటాను. నాపరాళ్ల లోడుతో నంద్యాల, గిద్దలూరు మీదుగా గుంటూరు వైపు వెళుతుంటాను. రెండు నెలలుగా బండి దారిలో ఆగిపోతోంది. ఉదయం ఒక్క సెల్ఫుకే స్టార్టవుతుంది. నంద్యాల దాటి ఘాటు ఎక్కేటప్పుడు లాగడం తగ్గి, దగ్గినట్టు కుదుపులిచ్చి ఆగుతుంది. డీజిల్ ఎక్కించే చేతి పంపు ఇరవై ముప్పై సార్లు కొడితే మళ్లీ అందుకుంటుంది. ట్యాంకు నిండుగా ఉన్న రోజు ఏ ఇబ్బందీ లేదు, సగానికి దిగాక మొదలవుతుంది. డీజిల్ ఫిల్టర్లు మూడుసార్లు మార్చాను. ఎక్కడా డీజిల్ కారడం లేదు. ఇక మెయిన్ పంపు దించి పంపుల షాపుకు పంపాల్సిందేనని మా మెకానిక్ అంటున్నాడు. బండి నాలుగైదు రోజులు ఆగితే ఈ నెల కిస్తీ కష్టం. దించమంటారా?

సమాధానం: దించవద్దు. కనీసం ఇప్పుడే వద్దు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రోగం ఆనవాళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ‘ఎక్కడా డీజిల్ కారడం లేదు’ అని ధీమాగా రాశారు చూడండి, నాకు అనుమానం మొదలైందే అక్కడ.

మీ బండిలో డీజిల్ నడిచే దారి రెండు ముక్కలు. ట్యాంకు నుంచి, డీజిల్‌ను పీల్చే చిన్న ఫీడ్ పంపు వరకు ఒకటి. ఫీడ్ పంపు నుంచి ఫిల్టర్ల మీదుగా, ఒత్తిడి పెంచే మెయిన్ పంపుకు, అక్కడి నుంచి ఇంజెక్టర్లకు వెళ్లేది రెండోది. రెండో ముక్కలో డీజిల్‌ను నెట్టడమే. అక్కడ ఏ వాషరు వదులైనా డీజిల్ బయటికి చిమ్ముతుంది, కిందికి కారుతుంది, క్లీనరు కుర్రాడైనా పట్టేస్తాడు. మొదటి ముక్కలో పీల్చడం. పీల్చే గొట్టానికి చిల్లి పడితే డీజిల్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. కొబ్బరి బోండాంలో వేసిన గొట్టానికి పైన చిన్న చీలిక ఉందనుకోండి. ఎంత పీల్చినా నోట్లోకి సగం గాలే వస్తుంది, బయట మాత్రం బొట్టు కనిపించదు. మీ లారీ పరిస్థితి అదేనని నా నమ్మకం. బోండాం తాగేవాడైతే గొట్టం మారుస్తాడు. ఇక్కడ తాగేవాడి గొంతు కోసి చూద్దామంటున్నారు.

గాలి పడితే ఇంజను ఎందుకు ఆగుతుంది? డీజిల్ ఇంజనుకు స్పార్క్ ప్లగ్గు లేదు. పిస్టన్ గాలిని నొక్కి నొక్కి కాల్చేంత వేడి చేస్తుంది, ఆ వేడి గాలిలోకి ఇంజెక్టరు డీజిల్‌ను సన్నని మంచులా చల్లాలి. మీ రకం ఇంజన్లలో ఆ ఇంజెక్టరు నోరు తెరుచుకోవడానికే 200 బార్‌కు పైగా, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు రెండు వందల రెట్ల ఒత్తిడి కావాలి. డీజిల్‌ను నొక్కితే అది నలగదు కనుక ఆ ఒత్తిడి అక్షరాలా ఇంజెక్టరు దాకా అందుతుంది. గాలి బుడగ ఉంటే ఒత్తిడంతా బుడగను నలపడానికే సరిపోతుంది, ఇంజెక్టరు నోరు తెరవదు. ఒక సిలిండరు తప్పితే కుదుపు, ఆరూ తప్పితే మౌనం.

ఇప్పుడు మీ సగం ట్యాంకు సంగతి. ట్యాంకు పైనుంచి లోపలికి నిలువుగా దిగి, అడుగుకు కాస్త పైన ఆగే ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. దాని గుండానే డీజిల్ పైకి వస్తుంది. ఏళ్ల తరబడి కుదుపులకు, లోపల నిలిచే నీటి చెమ్మకు ఆ గొట్టం మధ్యలో ఎక్కడో సన్నగా చిట్లుతుంది, లేదా తుప్పు తిని సూది మోపు రంధ్రం పడుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ చిల్లు డీజిల్‌లో మునిగి ఉంటుంది. చిల్లు గుండా వచ్చేదీ డీజిలే కాబట్టి ఇంజనుకు తేడా తెలియదు. మట్టం చిల్లు కిందికి దిగిన క్షణం నుంచి అక్కడ గాలి దూరుతుంది. చదునైన రోడ్డు మీద ఆ కొద్ది గాలి, మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు గుండా తిరిగి ట్యాంకులోకి పోయి బండి నెట్టుకొస్తుంది. ఘాటులో లోడుతో ఎక్సలేటరు అదిమి తొక్కినప్పుడు ఇంజను డీజిల్ ఎక్కువ అడుగుతుంది, పీలుపు పెరుగుతుంది, దానితో పాటే గాలీ పెరుగుతుంది. బండి వెనక్కి వాలి ట్యాంకులో మట్టం కూడా మారుతుంది. మీరు చెప్పిన రెండు లక్షణాలకూ, అంటే ఘాటుకూ సగం ట్యాంకుకూ, ఇంత చక్కగా సరిపోయే కారణం నాకు మరొకటి తోచడం లేదు.

చిల్లు బయటి గొట్టంలోనో జాయింటులోనో ఉన్నా మట్టం దిగేకొద్దీ ఇబ్బంది పెరుగుతుంది, ఎందుకంటే డీజిల్‌ను మరింత లోతు నుంచి లాగాలి. కాబట్టి తీర్పు చెప్పే ముందు పరీక్షలు చేద్దాం. ఖర్చు కంటే ఓపిక ఎక్కువ పట్టే పరీక్షలు ఇవి.

ఈసారి బండి ఆగగానే చేతి పంపు జోలికి పోకండి. తిన్నగా ట్యాంకు దగ్గరికి వెళ్లి మూత విప్పండి. విప్పేటప్పుడు ‘సుయ్’మని గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వస్తే మీ కథ అక్కడే ముగిసింది. తగ్గిన డీజిల్ స్థానంలోకి గాలి వెళ్లడానికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. మీరు తిరిగేది నాపరాళ్ల గనుల దగ్గర, ఆ పొడి డీజిల్ జిడ్డుతో కలిస్తే సిమెంటే. రంధ్రం పూడితే ట్యాంకులో శూన్యం ఏర్పడి డీజిల్ కదలదు. మూతను శుభ్రం చేయడానికి పది నిమిషాలు చాలు. మీ విషయంలో ఇదే కారణం కాకపోవచ్చు, అయినా మూత విప్పడానికి డబ్బు అడిగేవారు ఎవరూ లేరు కదా.

శబ్దం రాకపోతే అప్పుడు చేతి పంపు పట్టుకోండి, కానీ కొట్టడం మీద కాక చేతికి ఎలా తగులుతోందన్న దాని మీద మనసు పెట్టండి. పిడి పైకి లాగేటప్పుడు గట్టిగా బిగబట్టి, వదిలితే వెనక్కి పోతుంటే ట్యాంకు వైపు దారి మూసుకుపోయినట్టు: చెత్త, నలిగిన గొట్టం, పూడిన జాలీ. పిడి ఏ బిగువూ లేకుండా తేలికగా ఆడి, పది ఇరవై దెబ్బల తర్వాత మెల్లగా బరువెక్కుతుంటే అది గాలి. మీరు ‘ఇరవై ముప్పై సార్లు’ అన్నారు కాబట్టి రెండోదే అనుకుంటున్నాను. ఎన్ని దెబ్బలు కొట్టినా బరువెక్కకపోతే ఫీడ్ పంపు లోపలి చిన్న వాల్వులు అరిగి ఉండవచ్చు. మెయిన్ పంపు బిల్లు ముందు ఆ ఖర్చు చిల్లర లెక్క.

తర్వాత గాలిని కళ్లతో చూడాలి. డీజిల్‌కు తట్టుకునే పారదర్శకపు గొట్టం మూరెడు కొని ట్యాంకు నుంచి వచ్చే పైపుకూ ఫీడ్ పంపుకూ మధ్య క్లిప్పులు బిగించి పెట్టండి. ఇంజను స్టార్టు చేసి రేసు ఇచ్చి చూడండి. డీజిల్ నిండుగా, కదలిక కూడా తెలియనంత నిశ్చలంగా కనిపించాలి. సోడాలో లాగా బుడగలు వరుసగా వస్తుంటే దొంగ ట్యాంకు వైపే ఉన్నాడు, మెయిన్ పంపు నిర్దోషి. ట్యాంకు సగం కంటే తక్కువ ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయాలి. నిండుగా ఉన్న రోజు చూసి ‘బుడగలేమీ లేవు’ అని నాకు మళ్లీ ఉత్తరం రాయకండి.

బుడగలు కనిపిస్తే పీల్చే దారిలోని జాయింట్లకు ఒక్కొక్కదానికీ చుట్టూ గ్రీజు దట్టంగా పూయండి. ఏ జాయింటుకు పూసినప్పుడు బుడగలు ఆగాయో అదే నేరస్థలం. అక్కడ రాగి వాషర్లు కొత్తవి వేయండి. మీరు ఫిల్టర్లు మూడుసార్లు మార్చారు. మంచి ఉద్దేశంతోనే మార్చారు, కానీ మార్చిన ప్రతిసారీ ఏదో ఒక బోల్టు విప్పి, నలిగిన పాత వాషరునే మళ్లీ బిగించి ఉంటారు. ప్రీ ఫిల్టరు గిన్నె కింది రబ్బరు వాషరు సరిగా కూర్చోకపోయినా గాలి అక్కడి నుంచే వస్తుంది. జాయింటుకు నూలు దారం చుట్టి బిగించే అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. ఆ దారం నాని, పీచై, లోపలికి వెళ్లి కొత్త తంటా తెస్తుంది. మీ బండిలో ఎవరైనా చుట్టి ఉంటే ముందు అది తీసేయండి. రబ్బరు గొట్టాలను పైపైన చూసి వదలవద్దు. బయటికి నిగనిగలాడుతూనే లోపలి పొర ఊడి, పీలుపు పెరిగినప్పుడు నాలుకలా అడ్డం పడే గొట్టాలు చాలా చూశాను.

అన్ని జాయింట్లకూ గ్రీజు పూసినా బుడగలు ఆగలేదంటే చిల్లు ట్యాంకు లోపలి గొట్టానిదే. దాన్ని పైనుంచి బోల్టులు విప్పి బయటికి తీయవచ్చు. తీశాక ఒక చివర వేలితో మూసి, మరో చివర నుంచి సైకిలు పంపుతో గాలి కొడుతూ బకెట్ నీళ్లలో ముంచండి. ట్యూబు పంక్చరు చూసినట్టే. చిల్లు దొరికితే కొత్త గొట్టం వేయించడం మేలు. బ్రేజింగు (ఇత్తడి అతుకు) చేయించాల్సి వస్తే గొట్టాన్ని మాత్రమే వెల్డింగు షాపుకు తీసుకెళ్లండి, ట్యాంకు దగ్గర నిప్పు వద్దు. ‘డీజిల్ అంతా తీసేశాం, ఖాళీ ట్యాంకే కదా’ అని ఎవరన్నా వినకండి. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే పేలుతుంది.

గొట్టం తీసినప్పుడు టార్చి వేసి ట్యాంకు అడుగు కూడా చూడండి. ఇది చెప్పడానికి నా దగ్గర ఒక కారణం ఉంది. పని కొత్తలో ఒక లారీ ఇలాగే ముప్పై నలభై కిలోమీటర్లకోసారి ఆగేది. పది నిమిషాలు ఊరుకుంటే తనంతట తానే స్టార్టయ్యేది. నేను, మా మేస్త్రీ తలలు పట్టుకుని చివరికి మెయిన్ పంపు దించాం. షాపువాళ్లు విప్పి, కడిగి, డీజిల్‌ను నెట్టే ప్లంజర్లు అరగకపోయినా వాటిని మార్చి బిల్లు చేతిలో పెట్టారు. తిరిగి బిగించిన రోజే బండి మళ్లీ ఆగింది. వారం తర్వాత ట్యాంకు కడుగుదామని చూస్తే అడుగున రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద రేకు బిళ్ల. ఆయిల్ డబ్బా మూత కింద అంటించి ఉంటుంది చూడండి, అది. ఇంజను పీల్చేటప్పుడు ఆ రేకు తేలుతూ వచ్చి గొట్టం మూతికి అతుక్కునేది. ఇంజను ఆగి పీలుపు పోగానే జారి అడుగుకు పడేది. లారీ యజమాని మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అప్పటి నుంచి నేను ట్యాంకు చూడకుండా పంపు వైపు చూడను.

ట్యాంకు అడుగు నుంచి కొంచెం డీజిల్ గాజు సీసాలోకి పట్టి ఒక రాత్రి కదపకుండా ఉంచితే నీళ్లుంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి. సగం ట్యాంకుతో రాత్రులు నిలిపే బండ్లలో చెమ్మ పట్టడం మామూలే. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య నల్లటి జిగురు పెరిగి ఫిల్టరును మూసేస్తుంది. మీరు కొత్తగా వేసిన ఫిల్టర్లు తీసినప్పుడు జిగురుగా ఉన్నాయా, శుభ్రంగా ఉన్నాయా? శుభ్రంగా ఉంటే ఈ అనుమానం కొట్టేయవచ్చు.

ఇవేవీ తేలకపోతే డబ్బా పరీక్ష ఉంది. ఇది అన్ని తగువులూ తీరుస్తుంది. శుభ్రమైన 20 లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి, లారీ ట్యాంకు ఎత్తులోనే ఛాసిస్ పక్కన తాళ్లతో గట్టిగా కట్టండి. క్యాబిన్‌లో వద్దు, సైలెన్సరు దగ్గర అసలే వద్దు. కొత్త గొట్టంతో డబ్బా నుంచి తిన్నగా ఫీడ్ పంపుకు కలపండి. రిటర్న్ పైపును కూడా డబ్బాలోకే మళ్లించండి, లేకపోతే డీజిల్ అంతా పాత ట్యాంకులోకి పోయి నడిరోడ్డున డబ్బా ఖాళీ అవుతుంది. డబ్బా మూతకు గాలి రంధ్రం మరవకండి. డబ్బాను క్యాబిన్ మీద ఎత్తులో కడితే డీజిల్ దానంతటదే కిందికి దిగి, నీరసంగా ఉన్న ఫీడ్ పంపు కూడా ఆరోగ్యంగా కనిపిస్తుంది. అందుకే ఎత్తు గురించి అంత పట్టుదల. తోడుగా ఒకరిని పెట్టుకుని ఘాటు ఎక్కండి. బండి ఆగకుండా ఎక్కితే లోపం ట్యాంకులోనో, ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యనో ఉన్నట్టు. డబ్బాతోనూ ఆగితే అప్పుడు ఫీడ్ పంపు, ఆ తర్వాతే మెయిన్ పంపు.

మీ మెకానిక్ మాటను గాలి మాటగా కొట్టిపారేయను. మెయిన్ పంపు ప్లంజర్లు అరిగితే బండి చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్టవుతుంది, వేడెక్కి డీజిల్ పలచబడ్డాక ఆ సందుల్లోంచి జారిపోయి ఒత్తిడి రాదు. ఉదయం ఒక్క సెల్ఫు, మధ్యాహ్నం మొరాయింపు అన్నది చూసి ఆయన అటు వెళ్లి ఉంటాడు. కానీ ఆ రోగం ట్యాంకు మట్టాన్ని పట్టించుకోదు, చేతి పంపుకు లొంగదు. చల్లారితేనే లొంగుతుంది. మీ బండి చల్లారకముందే చేతి పంపుకు అందుకుంటోంది. ఈ ఒక్క తేడా ఆయనకు చెప్పి చూడండి, అనుభవమున్నవాడైతే ఒప్పుకుంటాడు. అన్ని పరీక్షల తర్వాతా పంపే దోషి అని తేలితే నంద్యాలలోనో విజయవాడ ఆటోనగర్‌లోనో క్యాలిబ్రేషన్ బెంచి ఉన్న షాపుకే ఇవ్వండి. విప్పకముందే బెంచి మీద పెట్టి ఆరు సిలిండర్లకూ ఎంతెంత డీజిల్ వస్తోందో కాగితం మీద రాయించుకోండి. ఆ అంకెలు చూపకుండా ‘లోపల పోయింది’ అనే షాపు నుంచి పంపు వెనక్కి తెచ్చుకోవడమే మంచిది.

దగ్గకుండా, తాళం తిప్పి ఆపినట్టు టక్కున ఆగే బండి వేరు. అలాంటిది ఉన్న పాఠకులు స్టాప్ సొలినాయిడు (కరెంటుతో పనిచేసి డీజిల్‌ను ఆపే మీట) వైరు, ఎర్తు, స్టాప్ కేబులు చూసుకోండి. వేడెక్కితే తెగి చల్లారితే కలిసే సొలినాయిడు కాయిళ్లు ఉంటాయి. ఆగాక సెల్ఫు కొడితే ఇంజను బరువుగా తిరుగుతున్నా, వేడి ముల్లు పైన ఉన్నా ఇక కొట్టకండి. అది డీజిల్ సమస్య కాదు, పిస్టన్లు పట్టేస్తున్న సూచన కావచ్చు. 2017 తర్వాత కొన్న బీఎస్-4, బీఎస్-6 (కొత్త పొగ నిబంధనల) బండ్ల వాళ్లు ఈ పేజీ చదివి ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేయవద్దు. వాటిలో ఎక్కువగా ఉండే కామన్ రైలు ఇంజన్లలో ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ ఒకే గొట్టంలో భారీ ఒత్తిడితో సిద్ధంగా ఉంటుంది, ఇంజను నడుస్తుండగా ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. వారికి ఇంజను కంప్యూటరును చదివే స్కానరు పెట్టించడమే మేలు.

మళ్లీ మీ ఘాటుకే వస్తాను. తేలేవరకు ట్యాంకు సగానికి దిగనీయకండి. డబ్బు ఎక్కువ పెట్టినట్టు ఉంటుంది కానీ ఆ డీజిల్ ఎక్కడికీ పోదు. ఎక్కుతూ ఎక్కుతూ ఆగితే పవర్ స్టీరింగు రాయిలా అవుతుంది, కంప్రెసరు ఆగుతుంది కాబట్టి బ్రేకు గాలి ట్యాంకులో మిగిలినంతే. పెడలు ఊరికే తొక్కి ఆ గాలి ఖర్చు చేయకండి. ఒక్కసారి తొక్కి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు చెక్క దిమ్మలు పెట్టండి. క్లీనరును చాలా వెనక్కి పంపి వచ్చే బండ్లకు చెప్పించండి. దిమ్మలు లేక రాళ్లు పెడితే వెళ్లేటప్పుడు తీసేయండి. నల్లమల మలుపుల్లో రాత్రిపూట ఎవరో వదిలిన రాయి మీదికి టైరు ఎక్కించిన వారికి ఆ కోపం తెలుసు. సెల్ఫు కూడా పది పదిహేను సెకన్లకు మించి ఒకేసారి కొట్టవద్దు, మధ్యలో నిమిషం ఆగండి.

గొట్టం బయటికి తీసి చిల్లు కనిపించాక ఒక పని చేయండి. దాని కింది చివర నుంచి చిల్లు ఎంత ఎత్తులో ఉందో పుల్లతో కొలవండి. బండి ఆగిన రోజు ట్యాంకులో డీజిల్ ఎంత ఉందో అదే పుల్లతో కొలిచి పెట్టుకుని ఉండండి. రెండు గుర్తులూ దగ్గరగా పడితే ఆ పుల్లను మీ మెకానిక్ చేతికి ఇవ్వండి.